పడిన తర్వాత బండి ఎక్కాలంటే భయం: నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

తిప్పర్తి_నర్సు:

అందరికీ నమస్తే. మాది తిప్పర్తి దగ్గర ఒక ఊరు. నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. డ్యూటీకి నాన్న స్ప్లెండర్ మీదే వెళ్లొచ్చేదాన్ని. యాసంగి కోతలప్పుడు మా ఊరి రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోశారు. మలుపు తిరగగానే బండి వడ్ల మీదికి ఎక్కింది, ముందు చక్రం జారింది, పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పి చాలా రోజులైంది. బండి నడపొచ్చని డాక్టర్ కూడా చెప్పారు.

ఇప్పుడు సమస్య చేతిది కాదు. ఊరు దాటగానే భుజాలు బిగుసుకుపోతున్నాయి. అద్దంకి రోడ్డు ఎక్కాక వెనక లారీ హారన్ వినపడితే ఒళ్లు చల్లబడుతోంది, ఎడమ పక్కన మట్టిలోకి దిగిపోతున్నాను. ముందు బ్రేకు మీద వేళ్లు పెట్టాలంటేనే మనసు రావడం లేదు. రోడ్డు మీద కాస్త ఇసుక కనిపించినా కాళ్లు కిందికి దింపేస్తున్నాను. అమ్మ బండి అమ్మేయమంటోంది. నా డ్యూటీ టైములకు బస్సు కుదరదు. పైగా నాకు బండి నడపడం అంటే ఇష్టం, దాన్ని వదులుకోవాలని లేదు. ఇలాంటి భయం నుంచి బయటపడ్డవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా మొదలుపెట్టారో చెప్పండి.

పాలమూరు_పల్సర్:

అక్కా, ఎక్కువ ఆలోచిస్తే భయం ఇంకా పెరుగుతుంది. హెల్మెట్ పెట్టుకొని ఒకరోజు పొద్దున్నే నార్కట్‌పల్లి దాకా పోయి రా. స్పీడు ఒక్కసారి అలవాటైతే అదే పోతుంది.

జడ్చర్ల_మెకానిక్:

తమ్ముడూ, పడి లేచినవాళ్లకు అట్ల చెప్పకు. చెల్లె, ముందు నాకొక మాట చెప్పు. పడ్డ తర్వాత బండిని మంచి మెకానిక్‌కు చూపించారా? హ్యాండిల్ సరిచేసి, ఇండికేటర్ మార్చి ఇచ్చేస్తే అది రిపేరు కాదు. మా షాపుకు "భయమైతుంది అన్నా" అని వచ్చేవాళ్లలో కొందరి బండి నిజంగానే ఒక పక్కకు గుంజుతుంది. అది వాళ్ల చేతికి తెలుస్తది, కారణం తెలియదు. దాంతో భయమంతా తమలోనే ఉందనుకుంటారు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంకొకరిని వెనక కూర్చోమని ముందు చక్రం గాల్లోకి లేచేలా చెయ్యండి. అప్పుడు హ్యాండిల్‌ను రెండు వేళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పండి. వెన్నలా తిరగాలి. సరిగ్గా మధ్యలో "టక్" మని పట్టుకుంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, పోయినట్టు. అట్లాంటి బండి నేరుగా పోదు, పాములాగా అటూ ఇటూ ఊగుతుంది. తర్వాత ముందు చక్రాన్ని చేత్తో తిప్పి రిమ్ము ఊగుతుందా చూడండి. ఫోర్క్ పైపుల్లో వంపు ఉందో లేదో ముందు నుంచి చూస్తే తెలుస్తుంది, ఒకటి ఇంకోదానికి సమానంగా ఉండాలి. బ్రేక్ షూ ఎంత మిగిలింది, చైన్ లూజు ఎంత, టైర్లలో గాలి ఎంత, ఇవన్నీ చూపించండి. గాలి ఎంత పెట్టాలో బండి మీద స్టిక్కర్‌లోనో, బుక్‌లోనో ఉంటుంది. పంక్చర్ షాపు వాడి అందాజా మీద వదిలేయొద్దు.

హెల్మెట్ సంగతి కూడా. పడ్డప్పుడు అది నేలకు గట్టిగా తగిలి ఉంటే పైకి బాగున్నా మార్చేయండి. లోపలి థర్మోకోల్ పొర దెబ్బను ఒకసారి మింగుతుంది, మళ్లీ అంత పని చేయదు. కొత్తది ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అని ఉన్నదే కొనండి. తాడు బిగించాక గడ్డం కింద రెండు వేళ్లకంటే ఎక్కువ సందు ఉండొద్దు.

సాగర్_రోడ్డు:

మెకానిక్ అన్న చెప్పింది మొదటి పని. రెండో పని నేను చెప్తాను. ఉద్యోగరీత్యా హాలియా, నాగార్జునసాగర్, దేవరకొండ వైపు బండి మీదే తిరుగుతాను. కొత్తగా చేరినవాళ్లకు బండి నేర్పించే పని కూడా నా మీదే పడుతుంటుంది.

నువ్వు రాసింది మళ్లీ చదువుకో అమ్మా. "భయం" అని ఒకటే అన్నావు గానీ అందులో మూడు ఉన్నాయి. వెనక లారీ, ముందు బ్రేకు, ఇసుక. మూడింటికీ మందు వేరు. అన్నీ కలిపి హైవే మీద ఒకేసారి ఎదుర్కోవాలంటే ఎవరికైనా ఒళ్లు బిగుస్తుంది. ధైర్యం చాలక బండి నడపలేకపోతున్నావని నేను అనుకోను. చేతికి ఇంకా తెలియని పనులు కొన్ని ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటిగా నేర్పాలి. చేతికి పని వస్తే భయం దానంతట అదే తగ్గడం చాలామందిలో చూశాను.

బ్రేకుతో మొదలుపెడదాం, ఎందుకంటే మిగతా రెండూ దాని మీదే ఆధారపడతాయి. బ్రేకు వేయగానే బండి బరువంతా ముందుకు ఒరుగుతుంది. ముందు టైరు నేలను గట్టిగా అదుముకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. అందుకే గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకే చేస్తుంది. దాన్ని ముట్టుకోనివాళ్లు వెనక బ్రేకు మీద నిలబడిపోతారు, వెనక చక్రం లాక్ అయి బండి పక్కకు తిరుగుతుంది. మన దగ్గర ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావని పిల్లలకు చిన్నప్పటి నుంచే చెప్తారు. ఆ మాట ఎంతమందికి నష్టం చేసిందో! పల్టీ కొట్టేది, జారేది ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజితే. పాలు పితికేటప్పుడు వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి బిగిసినట్టు నొక్కితే బరువు ముందుకు రావడానికి టైము దొరుకుతుంది, టైరు పట్టు పెరుగుతుంది, అప్పుడు ఇంకా గట్టిగా నొక్కినా అది తట్టుకుంటుంది.

పొద్దున్నే ఖాళీగా ఉండే గ్రౌండ్‌కు వెళ్లు. మట్టి కాకుండా తారు గానీ సిమెంటు గానీ ఉన్న చోటు చూసుకో. ఇరవై స్పీడులో నేరుగా వచ్చి, ఒక రాయి దగ్గర రెండు బ్రేకులూ కలిపి నొక్కి ఆగు. ముందు రెండు వేళ్లతో, మెల్లగా. ఎంత దూరంలో ఆగావో చూసుకో. ఆ స్పీడులో విసుగొచ్చేదాకా చెయ్యి, తర్వాతే ముప్పై, ఆ తర్వాత నలభై. తొందర లేదు. హ్యాండిల్ నేరుగా ఉండాలి, చూపు దూరంగా ఉండాలి. ముందు చక్రం వంక చూస్తే బండి తప్పకుండా తూలుతుంది.

జడ్చర్ల_మెకానిక్:

దీనికి ఒక మాట కలుపుతాను. 2019 ఏప్రిల్ తర్వాత అమ్మిన కొత్త బండ్లలో 125 సీసీ దాకా ఉన్నవాటికి రెండు బ్రేకులూ కలిసి పడే సిస్టమ్ ఉంటుంది. వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. 125 దాటితే ఏబీఎస్ ఉంటుంది, కనీసం ముందు చక్రాన్ని లాక్ కానివ్వదు. మీ నాన్న బండి అంతకంటే పాతదైతే ఇవేవీ ఉండవు, అంతా నీ చేతిలోనే ఉంటది. ఏది ఉన్నదో తెలుసుకొని ప్రాక్టీస్ చెయ్యి చెల్లె.

పాలమూరు_పల్సర్:

అన్నా, గ్రౌండ్‌లో నలభైలో ఆగడం వస్తే హైవే మీద ఎనభైలో ఆగడం వచ్చినట్టేనా?

సాగర్_రోడ్డు:

కాదు తమ్ముడూ. ఇది నీలాంటి వయసు వాళ్లందరూ లెక్క వేసుకోవాలి. నలభై స్పీడంటే సెకనుకు 11 మీటర్లు. ఏదైనా అడ్డం వచ్చిందని కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒక సెకను పోతుంది. ఆ తర్వాత పొడి తారు మీద మంచి బ్రేకులు ఉంటే ఇంకో 9 మీటర్లు. మొత్తం సుమారు 20 మీటర్లు. ఎనభైలో ఆ ఒక్క సెకనుకే 22 మీటర్లు పోతాయి, బ్రేకు వేశాక ఇంకో 35. మొత్తం 57. స్పీడు రెట్టింపైతే బ్రేకు వేశాక పోయే దూరం నాలుగు రెట్లవుతుంది. వెనక ఒకరిని కూర్చోబెట్టుకొని, అరిగిన టైర్లతో, డ్రమ్ బ్రేకులతో అయితే ఇంకా ఎక్కువ. అడ్డం వచ్చేది మేకనో, చిన్నపిల్లాడో అయితే ఆ తేడాలోనే అంతా ఉంది. స్పీడు అలవాటైతే భయం పోతుందన్నావు గదా, అట్ల పోయే భయం పోవద్దు.

తిప్పర్తి_నర్సు:

మెకానిక్ అన్నా, మీరు చెప్పినట్టే చూశాం. హ్యాండిల్ మధ్యలో పట్టుకుంటోంది! కోన్ సెట్ మార్పించాను, ముందు రిమ్ము కూడా కొంచెం వంకర ఉందంటే సరిచేయించాను. బండి చేతికి ఇప్పుడు వేరేలా తెలుస్తోంది. ఇన్ని రోజులు బండి ఊగుతుంటే నేనే వణుకుతున్నాననుకున్నాను.

సాగర్ అన్నా, గ్రౌండ్‌లో బ్రేకు మొదలుపెట్టాను. ఒక సందేహం. ఇసుక మీద, వడ్ల మీద ముందు బ్రేకు వేయొచ్చా?

సాగర్_రోడ్డు:

వేయొద్దు. ఇసుక, మొరం, వడ్లు, తడి పేడ, వీటి మీదికి ఎక్కకముందే స్పీడు తగ్గించాలి. బ్రేకు పని అంతా ఇవతలే అయిపోవాలి. ఎక్కాక మూడు పనులు చెయ్యకు: ముందు బ్రేకు నొక్కడం, హ్యాండిల్ తిప్పడం, ఎక్సలరేటర్ టక్కున వదిలేయడం. రెండో గేరులో సన్నగా ఎక్సలరేటర్ ఇస్తూ నేరుగా దాటెయ్యి. బండి కింద కొంచెం అటూ ఇటూ కదులుతుంది, కదలనివ్వు. ముందు చక్రానికి తనంతట తాను సర్దుకునే గుణం ఉంటుంది. చేతులు బిగబట్టి పట్టుకుంటే దాన్ని సర్దుకోనివ్వం. మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టుకో, చేతులు మాత్రం వదులుగా ఉంచు. తప్పనిసరిగా ఆగాల్సి వస్తే వెనక బ్రేకు ఒక్కటే, సన్నగా.

కాళ్లు కిందికి దింపడం మానెయ్యి. కదిలే బండి మీద పాదం నేలకు తగిలితే చీలమండ మెలి తిరుగుతుంది, వెనక బ్రేకు కూడా చేజారిపోతుంది.

వాన సంగతి కూడా ఇక్కడే చెప్తాను. తొలకరి మొదటి జల్లులో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జిడ్డు తేలుతుంది. కాసేపు గట్టిగా పడ్డాక కొట్టుకుపోతుంది. అందుకే మొదటి పావుగంట ఆగడం మంచిది. తెల్ల గీతలు, జీబ్రా పెయింటు, రైల్వే గేటు దగ్గర పట్టాలు వానలో బాగా జారుతాయి. పట్టాలను ఏటవాలుగా దాటకుండా అడ్డంగా నేరుగా దాటాలి.

అచ్చంపేట_ఆశా:

నేను చదువుతూ ఊరుకుందామనుకున్నా గానీ రాయకుండా ఉండలేకపోతున్నా. నేను ఆశా కార్యకర్తను. తండాలకు, చెంచుల పెంటలకు (గూడేలకు) తిరగాలి, బస్సు వెళ్లని చోట్లు చాలా ఉన్నాయి. పెళ్లై, పిల్లలు స్కూలుకు పోయే వయసొచ్చాక గేరు బండి నేర్చుకున్నా. చెల్లీ, మనకు రోడ్డు భయం కంటే ముందు ఇంకో భయం ఉంటుంది: నలుగురిలో బండి పడేస్తే ఏమంటారోనని. సిగ్నల్ దగ్గర బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆపలేకపోతే జనం చూసే చూపు గుర్తొచ్చి చాలామంది ఆడవాళ్లు స్కూటీకే పరిమితమైపోతారు. స్కూటీ తప్పని కాదు. కావాలని ఎంచుకుంటే మంచిదే, భయపడి ఎంచుకోవద్దు.

అందుకే మా వాళ్లకు నేను నేర్పే మొదటి పాఠం పడిన బండిని లేపడం. ఖాళీ స్థలంలో పాత గోనె సంచులు పరిచి, బండిని మెల్లగా పడుకోబెడతాం. స్ప్లెండర్ 112 కిలోలు ఉంటుంది. చేతులతో గుంజితే నడుము పట్టేస్తుంది. ఇంజన్ ఆపు. బండి కుడి పక్కకు పడితే ముందే సైడ్ స్టాండ్ తీసి పెట్టు, లేపాక అవతలికి పడదు. బండికి వీపు పెట్టి సీటు అంచుకు పిరుదులు ఆనించి గొంతు కూర్చో. ఒక చేత్తో హ్యాండిల్ చివర, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకో. చేతులు చాచి ఉంచి, కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లే. చూసేవాళ్లకు నమ్మకం కుదరదు గానీ సన్నగా ఉండే ఆడపిల్లలు కూడా లేపేస్తారు. ఒక్కసారి లేపాక ఆ పిల్ల ముఖం చూడాలి!

ఇంకొకటి. చున్నీ రెండు కొసలూ వెనక్కి తెచ్చి నడుముకు ముడెయ్యి. చీర కట్టుకుంటే కుచ్చిళ్లు, కొంగు బిగించి దోపుకోవాలి. సారీ గార్డు అడ్డంగా ఉందని తీసేయించే మగవాళ్లు ఉన్నారు, తీయనీయకు. చెప్పులు వద్దు, మడమకు పట్టీ ఉన్నవి గానీ బూట్లు గానీ వేసుకో.

కాలు అందట్లేదని భయపడేవాళ్లకు: రెండు పాదాలూ నేలకు ఆననక్కర్లేదు. ఎడమ పాదం ఆనితే చాలు, కుడి పాదం వెనక బ్రేకు మీద ఉండాలి. ఆగేముందు ఎడమ పక్క నేల ఎలా ఉందో చూసుకో. గుంత ఉంటే ఒక అడుగు ముందుకో వెనక్కో ఆపు.

తిప్పర్తి_నర్సు:

అక్కా, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కానీ ఈ రోజు బండి తాళం చేతికి తనే ఇచ్చింది.

బ్రేకు ఇప్పుడు బాగానే కుదిరింది. ఊరి రోడ్ల మీద తిరుగుతున్నాను. లారీ ఒక్కటే మిగిలింది. అద్దంకి రోడ్డు మీద మిర్యాలగూడ వైపు నుంచి బియ్యం లారీలు ఎప్పుడూ ఉంటాయి. వెనక నుంచి వచ్చినప్పుడు ఏం చేయాలి?

మిర్యాలగూడ_77:

పూర్తిగా ఎడమ అంచుకు పోవడమే. లారీతో మనకు పోటీ ఎందుకు?

దేవరకొండ_డ్రైవర్:

నేను పన్నెండు చక్రాల లారీ నడుపుతాను. ఆ రోడ్డు నాకు బాగా తెలుసు. చెల్లెమ్మా, క్యాబిన్‌లో కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో తెలిస్తే నీ భయం సగం తగ్గుతుంది, మిగతా సగం ఉండాల్సిందే.

వెనక నుంచి వచ్చేటప్పుడు నువ్వు నాకు చాలా దూరం నుంచే కనిపిస్తావు. హారన్ కొట్టేది "పక్కకు పో" అని తిట్టడానికి కాదు, "వస్తున్నాను, అదాటుగా తిరగకు" అని చెప్పడానికి. హారన్ విని నువ్వు ఊగిపోతేనే నాకు టెన్షన్. లోడు మీద ముప్పై టన్నుల పైన ఉంటాను, బండి ఆగినట్టు లారీ ఆగదు. నువ్వు ఒకే గీత మీద, ఒకే స్పీడులో పోతుంటే నిన్ను దాటడం నాకు చాలా సులువు. అందుకని చెయ్యాల్సిన పని ఏంటంటే ఏమీ మార్చకపోవడం.

అంచుకు పోవాలన్న మిర్యాలగూడ తమ్ముడి మాట నేను ఒప్పుకోను. తారు అంచు దాటితే కింద మొరం, చాలా చోట్ల జానెడు దిగుడు. అక్కడ దిగినా జారుతుంది, మళ్లీ ఎక్కాలన్నా చక్రం అంచుకు రాసుకొని పడేస్తుంది. అట్ల పడేవాళ్లు రోడ్డు వైపే పడతారు, నా చక్రాల వైపు. ఎడమ అంచు నుంచి ఒక మీటరు, మీటరున్నర లోపలికి ఉండు. ఎప్పుడన్నా పక్కకు జరగాల్సి వస్తే జరగడానికి నీకు తారు మీదే చోటు ఉండాలి.

దాటేటప్పుడు గాలి సంగతి చెప్తా. లారీ ముక్కు నీ పక్కకు రాగానే గాలి నిన్ను అవతలికి తోస్తుంది. లారీ దాటిపోయాక తన వైపు లాగుతుంది. ఇది తెలియనివాళ్లు మొదటి తోపుకు హ్యాండిల్ లారీ వైపు గట్టిగా తిప్పుతారు, అంతలో లాగుడు మొదలవుతుంది. చేతులు వదులుగా ఉంచి, కొంచెం ముందుకు వంగి, దూరంగా చూస్తూ పో. రెండు మూడు సెకన్లలో అయిపోతుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది. నా ఎడమ పక్కన, క్యాబిన్ డోరు దగ్గర ఉండేవాళ్లు నాకు కనిపించరు. ముందు బంపర్‌కు ఆనుకొని ఉన్నా కనిపించరు. నా అద్దంలో నా ముఖం నీకు కనిపిస్తేనే నేను నిన్ను చూడగలను. కూడళ్ల దగ్గర నేను ఎడమకు తిరిగేటప్పుడు సందు ఉంది గదా అని ఎడమ నుంచి దూరకు. లారీ ముందు భాగం బయటికి పోతుంది, వెనక చక్రాలు లోపలికి వస్తాయి. నీ వయసు బిడ్డ నాకు ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మిర్యాలగూడ_77:

అన్నా, దిగుడు సంగతి మీరు చెప్పింది నిజమే. ఇకనుంచి అట్ల చెప్పను. మరి రాత్రిపూట? మా దిక్కు వెనక లైటు లేని ట్రాక్టర్లు, పత్తి లోడు, గడ్డి లోడు, ఏదీ కనిపించదు.

దేవరకొండ_డ్రైవర్:

రాత్రి రూలు ఒకటే. నీ లైటు పడినంత దూరంలో ఆగగలిగే స్పీడు దాటకు. ఎదురు లైటు కళ్లలో కొడితే ఆ లైటు వంక చూడకు, రోడ్డు ఎడమ తెల్ల గీతను చూసుకుంటూ స్పీడు తగ్గించు. ఎదురు బండి దాటిపోయిన ఆ క్షణం చాలా చెడ్డది. కళ్లకు చీకటి కమ్ముతుంది, సరిగ్గా అప్పుడే ముందర ట్రాక్టర్ ఉంటుంది. హెల్మెట్ అద్దం మీద గీతలు ఉంటే రాత్రి ఏమీ కనపడదు, మార్చుకోవాలి. నల్ల అద్దం రాత్రి వద్దే వద్దు. ట్రాక్టర్ ఉన్నవాళ్లు ఈ పోస్టు చదువుతుంటే దయచేసి ట్రాలీ వెనక ఎర్ర రేడియం స్టిక్కర్లు వేయించండి. వందల్లో అయ్యే ఖర్చు.

అచ్చంపేట_ఆశా:

చెల్లీ, రాత్రి పన్నెండుకు డ్యూటీ దిగితే పొద్దునదాకా దవాఖానలోనే ఉండే ఏర్పాటు అడుగు. బండి ఎంత వచ్చినా నిద్రమత్తు ముందు ఎవరి నైపుణ్యమూ పని చేయదు. నేను అట్లనే అడిగి పెట్టించుకున్నా.

పాలమూరు_పల్సర్:

అన్నలారా, నేను మొదట్లో అక్కకు చెప్పిన సలహా తీసేయమనుకోండి. నాకూ ఒక డౌటు ఉంది. స్నేహితులతో శ్రీశైలం పోదామనుకుంటున్నా. నేరుగా ఉన్న రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. మలుపుల్లో మాత్రం బండి బయటికి పోతున్నట్టు అనిపించి మధ్యలో బ్రేకు కొడుతున్నా. ఘాట్‌లో అట్ల చేస్తే ఏమవుతుంది?

సాగర్_రోడ్డు:

అడిగినందుకు సంతోషం తమ్ముడూ. మలుపులో బండి వంగి ఉన్నప్పుడు టైరు పట్టంతా తిరగడానికే సరిపోతుంది. అదే టైములో గట్టిగా బ్రేకు కొడితే పట్టు చాలదు, జారుతుంది. ఏబీఎస్ లేకపోతే ఇంకా సులువుగా జారుతుంది. స్పీడు తగ్గించడం, గేరు దించడం మలుపుకు ముందే నేరుగా ఉన్నప్పుడే అయిపోవాలి. మలుపులోకి దిగాక సన్నగా ఒకే తీరు ఎక్సలరేటర్.

బయటికి పోతున్నట్టు అనిపించేది ఎక్కువగా చూపు వల్ల. భయం వేసినప్పుడు కన్ను రెయిలింగ్ మీదకో, ఎదురొచ్చే బస్సు మీదకో అతుక్కుంటుంది. ఎటు చూస్తే బండి అటే పోతుంది. తల తిప్పి మలుపు అవతలి చివర చూడు. గడ్డం భుజం వైపు తిరగాలి, కళ్లు మాత్రమే తిప్పితే సరిపోదు.

ఇంకో సంగతి వింటే మొదట నమ్మవు. ముప్పై, నలభై స్పీడు దాటాక ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను కొంచెం ముందుకు తోయాలి. బండి ఎడమకు వంగుతుంది, తిరుగుతుంది. ఇది నువ్వు రోజూ తెలియకుండా చేస్తూనే ఉన్నావు. ఖాళీ రోడ్డు మీద అరచేత్తో సన్నగా తోసి చూడు, తెలిసిపోతుంది. తెలిసి చేస్తే మలుపు మధ్యలో ఇంకొంచెం తిరగాల్సి వచ్చినా బ్రేకు మీదికి చెయ్యి పోదు, హ్యాండిల్ మీదికి పోతుంది.

కుడి మలుపుల్లో మధ్య గీతకు దగ్గరగా పోకు. నీ చక్రం గీతకు ఇవతలే ఉన్నా, బండి వంగినప్పుడు నీ తల అవతలి లేన్‌లో ఉంటుంది. ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సు మలుపులో మొత్తం రోడ్డు తీసుకుంటుంది.

అచ్చంపేట_ఆశా:

మా దిక్కు వస్తున్నావు కాబట్టి తెలుసుకో తమ్ముడూ. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు, అది అమ్రాబాద్ పులుల అడవి. గేటు పడుతుందని ఆదరాబాదరా వచ్చేవాళ్లే ఎక్కువగా దెబ్బలు తింటారు. కల్వకుర్తి, డిండి దాటేసరికే టైము చూసుకో, ఆలస్యమైతే ఇవతలే ఉండిపో. ఫరహాబాద్ దాటాక రోడ్డు పక్కన కోతులు గుంపులుగా ఉంటాయి, ఎవరో ఒకరు తిండి వేస్తారు, అవి రోడ్డుకు అడ్డం పరుగెత్తుతాయి. నువ్వు వెయ్యకు, అక్కడ స్పీడు తగ్గించు. దోమలపెంట దాటి డ్యాం వైపు దిగేటప్పుడు మలుపులు బిగుతుగా ఉంటాయి. దిగుడులో న్యూట్రల్ వేసి పెట్రోలు మిగిలిద్దామనుకోకు. రెండో గేరులో దిగితే ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకులు వేడెక్కవు. ముందు పోయే స్నేహితుడిని అందుకోవాలని చూడకు. అందరికంటే మెల్లగా నడిపేవాడిని ముందు పెట్టండి.

పాలమూరు_పల్సర్:

సరే అక్కా. గ్రూపులో అందరికీ ఇది చూపిస్తా. మెల్లగా నడిపేది నేనే కాబట్టి ముందు నేనే ఉంటా.

తిప్పర్తి_నర్సు:

ఈ వారం నుంచి బండి మీదే డ్యూటీకి పోతున్నాను. మొదటి లారీ దాటినప్పుడు డ్రైవర్ అన్న చెప్పిన తోపు, లాగుడు రెండూ సరిగ్గా అలాగే తెలిశాయి. ముందే తెలుసు కాబట్టి చేతులు బిగించలేదు. గాజులు గలగలమన్నాయి, చున్నీ కొట్టుకుంది, లారీ పోయింది. ఆ తర్వాత వచ్చినవాటికి అంత అనిపించలేదు. నైట్ డ్యూటీ రోజు దవాఖానలోనే ఉండేలా మాట్లాడుకున్నాను.

ఇంకొక్కటి అడగాలి. మా ఊరి దారి హైవేకు అవతలి వైపు కలుస్తుంది. నల్లగొండ పోవాలంటే డివైడర్ ఖాళీలోంచి రోడ్డు దాటి మళ్లీ కుడికి తిరగాలి. మా ఊళ్లో చాలామంది అది తప్పించుకోవడానికి రాంగ్ రూట్‌లో పోతారు. నాకు అది ఇష్టం లేదు, కానీ దాటేటప్పుడు వచ్చే బండ్ల స్పీడు అంచనాకు రావడం లేదు.

దేవరకొండ_డ్రైవర్:

రాంగ్ రూట్ వద్దని నువ్వే అనుకోవడం మంచి మాట చెల్లెమ్మా. ఎదురుగా రాంగ్‌లో వచ్చే బండి రాత్రిపూట మాకు డివైడర్ అవతల వచ్చే బండిలా కనిపిస్తుంది, దగ్గరికొచ్చాకే తెలుస్తుంది.

దాటడం ఒకేసారి చేయకు, రెండు ముక్కలుగా చెయ్యి. ముందు ఇవతలి రెండు లైన్లు దాటి డివైడర్ మధ్య ఖాళీలో బండి పూర్తిగా పట్టేలా ఆగు. వెనక చక్రం రోడ్డు మీద మిగలకూడదు. అక్కడ మొదటి గేరులో, ఎడమ కాలు కింద, ఇండికేటర్ వేసి ఉండు. తర్వాత అవతలి వైపు ఒక్కటే చూసుకుంటే సరిపోతుంది.

స్పీడు అంచనాకు ఒక లెక్క: ఎనభైలో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నువ్వు ఆగిన చోటు నుంచి కదిలి రెండు లైన్లు దాటడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. అంతలో అది వంద మీటర్లు వచ్చేస్తుంది. ఇంజన్ ఆగిపోయినా టైము మిగలాలంటే కనీసం రెండు వందల మీటర్ల ఖాళీ ఉండాలి. ఆ దూరంలో ఉండే ఏదైనా గుర్తు పెట్టుకో, చెట్టో, బోర్డో, హోటలో. బండి ఆ గుర్తుకు అవతల ఉంటే కదులు, ఇవతలికి వస్తే ఆగు. కారు వెనక కారు దాక్కొని వస్తుంటుంది, పెద్ద బండి పోయాక వెంటనే కదలకుండా దాని వెనక ఏముందో చూసుకో. వెనక ఎవడైనా హారన్ కొట్టి తొందర పెడితే పట్టించుకోకు.

దూరం నుంచి లారీ డిప్పర్ కొడితే నీకు దారి ఇస్తున్నాడనుకోవద్దు. మన రోడ్ల మీద దానికి అర్థం "నేను వస్తున్నా, ఆగు" అని. ఆ లారీని పోనిచ్చి, దాని వెనక చూసుకొని దాటు.